తోటరాముడి తల్లి

పాతాళభైరవి గురించి ఏ తెలుగువాణ్ణి కదిపినా నటుల లిస్టు గడగడా అప్పజెప్పేస్తాడు. మాంత్రికుడు ఎస్వీఆర్, అంజిగాడు బాలకృష్ణ, తోటరాముడు ఎన్టీఆర్. తోటరాముడి తల్లిగా వేసిందెవరు అని అడిగి చూడండి. మా ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర నేనీ ప్రశ్న వేస్తే, సినిమా పిచ్చోళ్ళం అని చెప్పుకునే నలుగురూ తెల్లమొహం వేశారు. "ఎవరో పాతకాలం కేరక్టర్ ఆర్టిస్టు అయ్యుంటుంది లే" అన్నాడొకడు.

ఆ పాతకాలం కేరక్టర్ ఆర్టిస్టు పేరు సురభి కమలాబాయి. మొట్టమొదటి తెలుగు టాకీ "భక్తప్రహ్లాద"కి కథానాయిక ఆవిడే.

కథానాయిక అనగానే డ్యూయెట్లు ఊహించుకోకండి. ఆవిడ వేసింది లీలావతి వేషం, అంటే ప్రహ్లాదుడి తల్లి. పాతికేళ్ళు కూడా నిండని మనిషి మన సినిమాలోకి అడుగుపెట్టిందే అమ్మ వేషంలో. ఇప్పటి హీరోయిన్లకి ఈ సంగతి చెబితే ఏమంటారో :)

ఆవిడ సంగతి తెలియాలంటే ముందు సురభి సంగతి తెలియాలి. కడప జిల్లాలో సురభి అని ఒక చిన్న పల్లె. 1885లో వనారస గోవిందరావు గారు అక్కడ "కీచకవధ" ఆడించారు. అదీ మొదలు, ఆ ఊరి పేరే నాటక సమాజం పేరయిపోయింది. వీళ్ళ పూర్వీకులు మహారాష్ట్ర వైపు నుంచి వచ్చినవాళ్ళు, తోలుబొమ్మలాట ఆడేవాళ్ళు. ఇళ్ళలో మాట్లాడుకునేది మరాఠీ, స్టేజి మీద పాడేది తెలుగు పద్యం. మాతృభాషాభిమానం గురించి గంటలు గంటలు వాదించుకునే మనలాంటి వాళ్ళం కాస్త ఆగి ఆలోచించాల్సిన విషయం ఇది.

సురభిలో అసలు విశేషం ఇంకోటుంది. ఆ రోజుల్లో తెలుగు నాటకంలో ఆడవేషాలు చాలావరకూ మగవాళ్ళే కట్టేవారు. స్థానం నరసింహారావు గారు చీర కట్టుకుని సత్యభామగా వస్తే జనం వెర్రెత్తిపోయేవారు. స్టేజి ఎక్కే ఆడదాన్ని మాత్రం లోకం వేరే చూపు చూసేది. సురభి వాళ్ళు ఈ చిక్కుని తమ పద్ధతిలో విడదీశారు. సమాజం మొత్తం ఒకే కుటుంబం. మొగుడు రాజైతే పెళ్ళాం రాణి, అన్న కొడుకు బాలకృష్ణుడు, వదిన యశోద. ఇంట్లో ఆడవాళ్ళే స్టేజి మీద ఆడవాళ్ళు. సంఘసంస్కరణ అని బోర్డు పెట్టుకుని చేసిన పని కాదిది, కుటుంబంలో ఉన్న మనుషులతోనే నాటకం నడవాలి కాబట్టి జరిగింది. అయినా ఫలితం మాత్రం పెద్దది. తెలుగులో చిన్నతనం నుంచే నటన, పాట, పద్యం, మేకప్పు అన్నీ వంటపనిలా నేర్చుకున్న ఆడవాళ్ళు తరం తర్వాత తరం తయారయ్యారు.

కమలాబాయి పుట్టుక గురించి సురభి వాళ్ళు ఒక కథ చెబుతారు. తల్లి నిండు నెలలతో దమయంతి వేషం వేస్తోందట. నాటకం మధ్యలో నొప్పులొచ్చాయి. తెర దించేశారు. ఆ తెర వెనకే పాప పుట్టింది. విషయం తెలిసిన జనం చప్పట్లు కొట్టి స్టేజి మీదికి డబ్బులు విసిరారట. ఇందులో ఎంత మసాలా ఉందోగానీ, నెలలు నిండిన మనిషి స్టేజి దిగని బతుకు అది అన్నమాట మాత్రం నిజం. మెటర్నిటీ లీవులు లాంటివి వాళ్ళకెక్కడివి! ఆ పాప కాస్త పెద్దదయ్యాక కృష్ణుడు, ప్రహ్లాదుడు లాంటి పిల్లవేషాలు వేసింది. అంటే ప్రహ్లాదుడి తల్లి కాకముందు తనే ప్రహ్లాదుడు.

సరే, సినిమాకొద్దాం. 1931 మార్చి 14న బొంబాయిలో "ఆలం ఆరా" విడుదలైంది. ఇంపీరియల్ కంపెనీ అధిపతి అర్దెషిర్ ఇరానీకి మిగతా భాషల్లో కూడా టాకీలు తియ్యాలని ఊపు వచ్చింది. తెలుగు బాధ్యత హెచ్.ఎం.రెడ్డి గారి మీద పడింది. ఆయనేం చేశారంటే, కొత్త కథ రాయించి, కొత్తవాళ్ళకి నేర్పించి అని కూర్చోకుండా, అప్పటికే ఊరూరా ఆడుతున్న నాటకాన్నే తీసుకున్నారు. మన భాషలో చెప్పాలంటే పోర్టింగ్! ఉన్న కోడ్ ని కొత్త ప్లాట్‌ఫారం మీదికి మార్చడం. అయితే ఆ కోడ్ అంతా మనుషుల గొంతుల్లో, ఒంట్లో ఉంది కాబట్టి మనుషుల్నే బొంబాయికి రైలెక్కించాల్సి వచ్చింది. హిరణ్యకశిపుడిగా మునిపల్లె సుబ్బయ్య గారు, ప్రహ్లాదుడిగా సింధూరి కృష్ణారావు అనే కుర్రాడు, లీలావతిగా కమలాబాయి. తర్వాత పెద్ద దర్శకుడైన ఎల్.వి.ప్రసాద్ గారు కూడా అందులో ఓ చిన్న వేషం వేశారు.

అప్పట్లో ప్లేబ్యాక్ లేదు. డబ్బింగు లేదు. కెమెరా ముందు నిలబడి నటిస్తూనే పాడాలి. మైకు కనపడకుండా ఎక్కడో దాస్తారు, దానికి అందేలా కదలాలి. స్టేజి మీద ఆఖరి బెంచీ వాడికి వినపడేలా పాడ్డం అలవాటైన గొంతుకి ఇది ఇంకో రకం పరీక్ష. పైగా వన్స్ మోర్ అనేవాడు లేడు. నాటకంలో జనం ఈలలు చూసి పద్యం సాగదీస్తారు, ఇక్కడ ఎదురుగా ఉన్నది యంత్రం. తెలుగులో ప్లేబ్యాక్ బాగా స్థిరపడేసరికి 1940లు వచ్చేశాయి. అప్పటిదాకా పాడలేని మనిషికి హీరోయిన్ వేషం దొరకడం కష్టం. మన టాకీలు అంత తొందరగా నిలదొక్కుకున్నాయంటే కారణం స్టూడియో యంత్రాలు కాదు, ఆ యంత్రాల ముందు తడబడకుండా పాడిన నాటకాలవాళ్ళు అని నా నమ్మకం.

ఇక ఆ సినిమా తేదీ గోల. 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాలపాటు అందరం నమ్మాం, తెలుగు సినిమా పుట్టినరోజు ఆనాడే చేసుకున్నాం. జర్నలిస్టు రెంటాల జయదేవ గారు పాత పత్రికలు, సెన్సారు వివరాలు తవ్వి తీసి లెక్క మార్చారు. సెన్సారు అయింది 1932 జనవరి 22న, బొంబాయి కృష్ణా థియేటర్లో విడుదలైంది ఫిబ్రవరి 6న. ఒకరు రాసింది చూసి ఇంకొకరు కాపీ పేస్ట్ చేసుకుంటూ పోతే తప్పు ఎంతకాలం బతుకుతుందో చూడండి. అదే పేపర్లు ఎవరు తిరగేసినా దొరికేవి. తిరగేసిన మనిషి రావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

భక్తప్రహ్లాద ఆడాక కమలాబాయి వెనక్కి తిరిగి చూసుకోలేదు. 1932లోనే సాగర్ కంపెనీ, సర్వోత్తమ్ బాదామి దర్శకత్వంలో "పాదుకా పట్టాభిషేకం" తీసింది. అందులో అద్దంకి శ్రీరామమూర్తి గారు రాముడు, ఆవిడ సీత. ఆ వెంటనే "శకుంతల". యడవల్లి సూర్యనారాయణ గారు దుష్యంతుడు, ఆవిడ శకుంతల. ఒకే ఏడాదిలో లీలావతి, సీత, శకుంతల. తర్వాత బొంబాయిలోనే ఉండి హిందీ సినిమాల్లోనూ వేసింది. 1938లో విశాఖపట్నంలో తీసిన "భక్త జయదేవ"లోనూ ఉంది.

ఈలోగా కాలం మారిపోయింది. కాంచనమాల, కన్నాంబ, భానుమతి వచ్చారు. పురాణాల్లోంచి సినిమా సంఘం కథల్లోకి దిగింది. 1951కి వచ్చేసరికి కమలాబాయి మళ్ళీ అమ్మ. పాతాళభైరవి ఆ ఏడాది మార్చిలో వచ్చింది, అందులో తోటరాముడి తల్లి. డిసెంబరులో మల్లీశ్వరి వచ్చింది, అందులో నాగరాజు తల్లి. ఒకే ఏడాదిలో వచ్చిన రెండు గొప్ప సినిమాల్లో ఎన్టీఆర్‌కి తల్లి ఈవిడే! మల్లీశ్వరిలో మల్లి తల్లిగా వేసిన ఋష్యేంద్రమణి గారు కూడా నాటకాల నుంచి వచ్చినవారే. హీరో హీరోయిన్ల మెరుపులో పడి ఈ ఇద్దరినీ మనం సరిగ్గా చూడం. ఈసారి డీవీడీ పెట్టుకున్నప్పుడో, యూట్యూబులో దొరికినప్పుడో ఆ ఇద్దరు తల్లులు మాట్లాడుకునే చోట్ల కాస్త చెవి పెట్టి వినండి. ఇంటి అరుగు మీద మాటల్లా ఉంటాయి.

భక్తప్రహ్లాద మాత్రం చూడలేం. ప్రింటు మిగల్లేదు. ఆలం ఆరాదీ అదే గతి. అప్పటి ఫిల్ము నైట్రేటు, అగ్గి తగిలితే భగ్గుమంటుంది, దాచడం కూడా కష్టం. ఆడినన్నాళ్ళు ఆడిన పాత ప్రింట్లని వెండి కోసం కరిగించుకున్నవాళ్ళూ ఉన్నారు. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టింది 1964లో. అప్పటికే పోవాల్సినవి చాలా పోయాయి. మన దగ్గర ప్రొడక్షన్ సర్వర్ బ్యాకప్ లేకుండా ఒక్క రాత్రి ఉంటే మేనేజర్‌కి నిద్ర పట్టదు. ఒక భాష మొదటి టాకీకి రెండో కాపీ దాచాలని ఎవరికీ తోచలేదు.

లీలావతిగా ఆవిడ ఎలా పాడిందో తెలుసుకునే దారి లేదు కాబట్టి, క్విజ్ పుస్తకాల్లో "తొలి తెలుగు సినిమా నటి ఎవరు?" అన్న ఒక్క మార్కు ప్రశ్న కింద ఆవిడ మిగిలిపోయింది. నాకైతే ఆ ప్రశ్నే నచ్చదు. మొదట ఎవరు అన్నదానికన్నా, ఆ మొదటి మనిషి సురభి నుంచే ఎందుకు రావాల్సి వచ్చింది అన్నది అడగాల్సిన ప్రశ్న. సురభి వాళ్ళు ఆ తర్వాత కూడా నాటకం వదల్లేదు. సురభి బాబ్జీగా అందరికీ తెలిసిన రేకందార్ నాగేశ్వరరావు గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది, ఆయన 2022లో పోయారు.

కమలాబాయి 1971 మార్చి 30న కన్నుమూసింది. అప్పటికింకా అందరి లెక్కలోనూ భక్తప్రహ్లాద 1931 సినిమానే.