అంతఃకరణ ప్రమాణం – ఒక్క ఓటు

ధర్మానికి మూలాలుగా వేదాన్ని, స్మృతిని, సదాచారాన్ని చెప్పిన మనువు, చివరగా ఆత్మతుష్టిని కూడా పేర్కొన్నాడు. శాస్త్రం స్పష్టంగా పలకని చోట అంతఃకరణమే సాక్షి అని దాని భావం. ఈ ప్రమాణానికి 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో కఠినపరీక్ష ఎదురైంది. నాటి సభాపతి మన కోనసీమవాసి, అమలాపురం సభ్యుడు గంటి మోహనచంద్ర బాలయోగి. అంతకుముందు ఆయన న్యాయవాది, రాష్ట్ర ఉన్నతవిద్యా మంత్రి.

వాజపేయి మంత్రివర్గంపై విశ్వాసతీర్మానం సభ ముందున్నది. ఒడిశా ముఖ్యమంత్రి అయినా లోక్‌సభ సభ్యత్వాన్ని ఇంకా వదలని గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చునా అన్న వివాదం చెలరేగింది. రాజ్యాంగంలో స్పష్టమైన నిషేధం లేదు. బాలయోగి ఆ నిర్ణయాన్ని గమాంగ్ అంతఃకరణానికే విడిచారు. గమాంగ్ తీర్మానానికి వ్యతిరేకంగా ఓటు వేశారు. అనుకూలం 269, ప్రతికూలం 270. ప్రభుత్వం పతనమైంది.

ఆ ఓటు లేకుంటే ఇరుపక్షాలూ సమానమయ్యేవి. అప్పుడు 100వ అధికరణం ప్రకారం నిర్ణాయక ఓటు సభాపతిదే. ఆయన పార్టీ తెలుగుదేశం ప్రభుత్వాన్నే సమర్థించింది. అయినా ఆయన సభ్యుని హక్కును హరించలేదు.

మంత్రివర్గం లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలని 75వ అధికరణం శాసిస్తున్నది. సభావిధానంలో క్రమభంగం జరిగిందన్న కారణంతో సభాకార్యకలాపాలను న్యాయస్థానంలో ప్రశ్నించరాదని 122వ అధికరణం నిర్దేశిస్తున్నది. కార్యనిర్వాహకశక్తి తలవంచి, న్యాయపీఠం గడప వద్దనే నిలిచే ఆ స్థానంలో సభాపతికి ఆత్మనిగ్రహమే అంకుశం.

పరుని అంతఃకరణాన్ని గౌరవించి, తత్ఫలం స్వపక్షానికి ప్రతికూలమైనా స్వీకరించడం నిష్కామకర్మకు సన్నిహితమైన రాజధర్మం.