పదజాల పరీక్షల రూపకల్పన (ద్వితీయ భాష)

మాతృభాష కాని భాషను నేర్చుకుంటున్నవారికి అందులో ఎన్ని మాటలు వచ్చో, వాటి మీద ఎంత పట్టుందో తేల్చడానికి పదజాల పరీక్షలు పెడతారు. కొత్తగా చేరినవారిని ఏ తరగతిలో కూర్చోబెట్టాలో నిర్ణయించడానికి, చెప్పిన పాఠం ఎంతవరకు ఒంటబట్టిందో చూడడానికి, పరిశోధనకు ఇవి పనికొస్తాయి. ఒక పనికి రాసిన పరీక్షను ఇంకో పనికి వాడేయడం ఈ రంగంలో తరచుగా కనిపించే తప్పు.

మాటల ఎంపిక

భాషలోని మాటలన్నీ అడగడం కుదరదు కాబట్టి వాడుకలో ఎక్కువగా వచ్చేవాటి నుంచి అరుదైనవాటి దాకా మెట్లుగా విడగొట్టి, ప్రతి మెట్టు నుంచి కొన్నింటిని ఎంచుతారు. ఇంగ్లీషులో ఇందుకు చాలాకాలం ఆధారంగా నిలిచింది 1953లో మైకేల్ వెస్ట్ వెలువరించిన జనరల్ సర్వీస్ లిస్ట్. ఆ జాబితాలో సుమారు 2,000 మూలపదాలున్నాయి. న్యూజిలాండ్‌కు చెందిన పాల్ నేషన్ 1983లో ప్రకటించిన వొకాబ్యులరీ లెవెల్స్ టెస్ట్ 2,000, 3,000, 5,000, 10,000 మాటల మెట్లను, వాటితోపాటు విశ్వవిద్యాలయ చదువుకు కావలసిన మాటలను విడివిడిగా పరీక్షిస్తుంది. అభ్యాసకుడు ఎక్కడ ఆగిపోతున్నాడో దీనితో తెలుస్తుంది.

తెలుగుకు ఇలాంటి జాబితా కట్టబోతే మొదటి చిక్కు లెక్కలోనే వస్తుంది. ఇల్లు, ఇంటి, ఇంట్లో, ఇళ్లు: ఇవి ఒక మాటా, నాలుగా? రెండో చిక్కు, మాటలను ఎక్కడి నుంచి ఏరుకోవాలన్నది. పత్రికల నుంచి ఏరితే ‘నియోజకవర్గం’ పై మెట్టు మీదికొస్తుంది, ‘గరిటె’ ఎక్కడో అడుగున పడుతుంది. అమెరికాలో పెరిగిన తెలుగు పిల్లల సంగతి తరచు ఇందుకు తలకిందులుగా ఉంటుంది. అలాంటి జాబితాతో పరీక్ష పెట్టి ఆ పిల్లలకు తెలుగు రాదని తేల్చడం అన్యాయం. చదవడం రాకపోయినా వింటే తెలిసేవారికి మాటను వినిపించి అడగాలి.

ప్రశ్న రూపం

నేషన్ పరీక్షలో ఒకవైపు ఆరు మాటలు, మరోవైపు మూడు అర్థాలు ఉంటాయి. ఆ పద్ధతిని తెలుగులో చూపితే:

అప్పు, కొలిమి, గట్టు, తోరణం, పిడుగు, వాటా
— తిరిగి ఇవ్వాల్సిన డబ్బు
— ఇనుము కాల్చే చోటు
— పొలం అంచున ఎత్తుగా ఉండే మట్టి

ఆరు మాటలూ ఒకదానికొకటి సంబంధం లేనివి. దాంతో మాట అర్థం కాస్త తెలిసినవాడికి కూడా మార్కు దక్కుతుంది. అర్థంలో వాడిన మాటలు అడిగిన మాటకంటే తేలికగా ఉండాలి. ‘అప్పు’కు ‘రుణం’ అని రాస్తే పరీక్షించేది ‘రుణం’నే.

బహుళైచ్ఛిక ప్రశ్నలు దిద్దడానికి సులువు, నమ్మడానికి కష్టం. నేషన్, డేవిడ్ బెగ్లార్ 2007లో ప్రకటించిన వొకాబ్యులరీ సైజ్ టెస్ట్‌లో 140 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. వచ్చిన మార్కును 100తో గుణిస్తే తెలిసిన పదకుటుంబాల (ఒక మూలపదం, దాని రూపాలు కలిపి ఒక కుటుంబం) సంఖ్య వస్తుందని లెక్క. ఒక్క మాటా తెలియనివాడు గుడ్డిగా గీతలు పెట్టినా సగటున 35 సరిపోతాయి, అంటే 3,500 పదకుటుంబాలు! అందుకే ఆ అంకెను అక్షరాలా నమ్మకూడదు.

ఊహను పట్టుకోవడానికి పాల్ మియారా వేరే దారి చూపాడు. ‘ఈ మాట తెలుసా, తెలియదా’ అని మాత్రమే అడుగుతూ, మధ్యమధ్య భాషలో లేని కల్పిత పదాలు కలుపుతారు. వాటికీ ‘తెలుసు’ అన్నవారి మార్కు తగ్గిస్తారు. అయితే నిజాయితీగా పొరబడినవాడికీ, బుకాయించినవాడికీ ఇందులో తేడా తెలియదు.

మాతృభాష ప్రభావం

హిందీ మాట్లాడేవారికి తెలుగు పరీక్ష రాసేటప్పుడు సంస్కృత పదాలతో జాగ్రత్త అవసరం. ‘పుస్తకం’ లాంటివి వాళ్లకు నేర్చుకోకుండానే తెలుసు. వాటినే ఎక్కువగా అడిగితే మార్కులు ఉబ్బిపోతాయి. ‘ఉపన్యాసం’ అంటే వాళ్లకు నవల, ‘శిక్ష’ అంటే చదువు. ఇలాంటివి ప్రశ్నలుగా బాగా పనికొస్తాయి కానీ అన్నీ ఇవే అయితే అది వలపన్నడమే. ఇంగ్లీషు నేర్చుకునే తెలుగువారి విషయంలోనూ అంతే. బస్సు, టేబుల్ తెలిశాయంటే ఇంగ్లీషు వచ్చినట్టు కాదు.

లోతు

మాటను చూసి గుర్తుపట్టడం వేరు, సమయానికి నోటికి రావడం వేరు. రెండోదాన్ని కొలవడానికి బట్యా లౌఫర్, నేషన్ కలిసి వాక్యంలో మాట మొదటి అక్షరాలు మాత్రం ఇచ్చి మిగతాది పూరించమనే పరీక్ష తయారుచేశారు. మాటకు ఏ మాటలతో అర్థంలోనూ, పక్కపక్కన వాడుకలోనూ సంబంధం ఉందో చూడడానికి జాన్ రీడ్ 1993లో మరొకటి ప్రతిపాదించాడు. తెలుగులో జడ వేస్తారు, పేక ఆడతారు, పందెం కాస్తారు. ఈ జోడింపులు తెలియనివాడికి ఆ నామవాచకాలు సగమే వచ్చినట్టు.

ముందస్తు పరిశీలన

రాసిన ప్రశ్నలను అసలు పరీక్షకు ముందు కొందరితో రాయించి చూస్తారు. అందరూ సరిగ్గా రాసేసిన ప్రశ్న అభ్యాసకుల మధ్య తేడా చూపదు. బాగా వచ్చినవారు తప్పి, రానివారు ఒప్పు రాసిన ప్రశ్నలో లోపం సాధారణంగా ప్రశ్నదే. దాన్ని ఎంత ముచ్చటపడి రాసుకున్నా తీసేయాల్సిందే.