అమెరికా బడుల్లో గంజాయి పాఠాలు

మత్తు మీద పాఠం చెప్పడం అమెరికా బడులకు పాత అలవాటే. మద్యవ్యతిరేక మహిళా సంఘాల ఒత్తిడితో 1882లో వెర్మాంట్ రాష్ట్రం ఈ బోధనను తప్పనిసరి చేసింది. 1901 నాటికి అన్ని రాష్ట్రాలూ అదే బాట పట్టాయి.

గంజాయి వంతు 1930లలో వచ్చింది. ఫెడరల్ మాదకద్రవ్యాల విభాగం అధిపతి హ్యారీ యాన్‌స్లింగర్ అది హత్యలకూ పిచ్చికీ దారితీస్తుందని ఊరూవాడా చాటాడు. 1936 నాటి ‘రీఫర్ మ్యాడ్‌నెస్’ సినిమా కూడా తల్లిదండ్రులను అలాగే బెదరగొట్టింది. ఇలాంటి అతిశయోక్తి చేసే చెరుపు పెద్దది: అబద్ధమని తేలాక పిల్లలు నిజమైన హెచ్చరికనూ నమ్మరు. 1979 సర్వేలో పన్నెండో తరగతి పిల్లల్లో సగం మంది ఆ ఏడాది కాలంలో గంజాయి తాగినట్టు చెప్పారు.

అప్పటి అధ్యక్షుడి భార్య నాన్సీ రీగన్ ‘వద్దని చెప్పు చాలు’ అని ప్రచారం చేస్తున్న రోజుల్లోనే, 1983లో, లాస్ ఏంజెలెస్ పోలీసులు, పాఠశాల యంత్రాంగం కలిసి ‘డేర్’ అనే మత్తు నివారణ కార్యక్రమాన్ని మొదలుపెట్టారు. యూనిఫాం వేసుకున్న పోలీసు ఐదు, ఆరు తరగతుల గదుల్లోకి వచ్చి, వారానికొకటి చొప్పున 17 పాఠాలు చెప్పేవాడు. చివర్లో పిల్లల చేత ప్రతిజ్ఞ చేయించి, పట్టాలు, టీషర్టులు పంచేవారు. తల్లిదండ్రులు మురిసిపోయారు, నిధులు కురిశాయి. ఫలితం మాత్రం కనబడలేదు. 1994లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టిన పరిశోధకులు మత్తు వాడకంపై దాని ప్రభావం అత్యల్పమని తేల్చారు. పన్నెండో తరగతి పిల్లల్లో 1992లో 22 శాతానికి తగ్గిన గంజాయి వాడకం, డేర్ దేశమంతా పరుచుకున్న ఆ దశాబ్దంలోనే, 1997కల్లా 38 శాతం దాటింది.

మేలైన దారి కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన గిల్బర్ట్ బాట్విన్ చూపించాడు. అతని తరగతిలో ఉపన్యాసం తక్కువ, సాధన ఎక్కువ. తోటివాళ్లలో ఎంతమంది తాగుతారో ముందు పిల్లల చేతే అంచనా వేయించి, తర్వాత అసలు లెక్క చూపేవారు. అది వాళ్లు అనుకున్నదానికంటే చాలా తక్కువ ఉండేది. స్నేహితుడు బలవంతపెడితే ఏమనాలో జంటలుగా నిలబెట్టి అభ్యాసం చేయించేవారు. న్యూయార్క్ రాష్ట్రంలో 56 బడులపై సాగి, 1995లో వెలువడిన అధ్యయనంలో ఈ శిక్షణ పూర్తిగా అందిన పిల్లల్లో మత్తు వాడకం ఆరేళ్ల తర్వాత కూడా తక్కువగా కనిపించింది.

డేర్ కూడా 2009లో పాత పాఠాలను పక్కనపెట్టి, ఇలాంటి సాధనపై నడిచే కొత్త పాఠ్యక్రమాన్ని చేపట్టింది.