‘నాలుగు’ అంటే ఎన్ని?

“నాలుగు మాటలు చెప్పి వస్తాను” అని వెళ్ళినవాడు లెక్కపెట్టి నాలుగే మాటలు చెప్పి తిరిగివస్తాడని తెలుగువారెవరూ ఎదురుచూడరు. “నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాడు” అన్నప్పుడు అవి రాళ్ళూ కావు, నాలుగూ కావు. “నాలుగు మెతుకులు తిని వెళ్ళు” అన్న తల్లి కంచం నిండా అన్నం వడ్డిస్తుంది. నాలుగు అక్షరం ముక్కలు నేర్చినవాడు, నాలుగు ఊళ్ళు తిరిగినవాడు, నాలుగు చినుకులు పడ్డాక వేసే విత్తు, నాలుగు తగిలిస్తే గాని దారికి రాని పిల్లవాడు, నాలుగు కాలాలపాటు చల్లగా ఉండమనే దీవెన: ఇన్నిచోట్ల మనం వాడుతున్న ఈ మాట సంఖ్యావాచకమే అయినా సంఖ్యను చెప్పడం లేదు. ఐదుకు ఈ వెసులుబాటు లేదు. “ఐదు మాటలు చెప్పి వస్తాను” అంటే, ఏమిటా ఐదు అని వినేవాడు అడుగుతాడు.

ఈ ‘నాలుగు’కు ఉన్న అర్థం ‘కొన్ని’ అని నిఘంటువులు సరిపెడతాయి. అది సగమే నిజం. ‘కొన్ని’ అనే మాటలో చాలీచాలనితనం ఉంది. ‘నాలుగు’లో అది లేదు. ఎక్కువ కాదు, కాని పని జరగడానికి సరిపోయేటన్ని అన్న భావం అందులో ఉంది. ఆ భావం ఈ సంఖ్యకే ఎందుకు దక్కింది, మన భాషకే దక్కిందా, ఇతర భాషలలో ఇదే సంఖ్య ఏయే అవతారాలెత్తింది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయాలు.

భాషల సరిహద్దులో ఒక సంఖ్య

తమిళంలో నాన్గు, నాలు, మలయాళంలో నాలు, కన్నడంలో నాల్కు, తెలుగులో నాలుగు. ఇవన్నీ ఒకే ధాతువు బిడ్డలని వేరే చెప్పనక్కరలేదు. సమాసంలో చేరినప్పుడు ఈ మాట తెలుగులో ‘నలు’ అని కురచబడుతుంది: నలుదిక్కులు, నలుమూలలు, నలుగడలు. నాలుగు నోళ్ళు గల బ్రహ్మకు ‘నలువ’ అనే అచ్చతెలుగు పేరు అలా వచ్చినదే.

ద్రావిడ కుటుంబంలో పెద్దభాషలను వదిలి చిన్నభాషల వైపు వెళితే ఆసక్తికరమైన దృశ్యం కనిపిస్తుంది. బలూచిస్తాన్‌లో మాట్లాడే బ్రాహుయీలో ఒకటి, రెండు, మూడు మాత్రమే ద్రావిడ పదాలు. నాలుగు దగ్గర ఇరానీ భాషల ‘చార్’ వచ్చి కూర్చుంది. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాల కుడుఖ్ భాషలో నాలుగు దాకా ద్రావిడ పదాలున్నాయి; ఐదు నుంచి ఆర్యభాషల పదాలు. మన ఆదిలాబాదు కొండల్లోని కొలామీలో కూడా నాలుగు దాకా సొంత మాటలే, ఆపైన తెలుగు నుంచి తెచ్చుకున్నవి. సంతలో బేరానికి పొరుగుభాష అంకెలు అవసరమవుతాయి కనుక పెద్ద అంకెలు ముందుగా పోతాయి. ఇంటిలోపల, పిల్లలతో, పశువులతో నిత్యం పనిపడే చిన్న అంకెలు చివరిదాకా నిలుస్తాయి. ఆ నిలబడే వరుసకు కొస మూడో నాలుగో అవుతున్నది.

సంస్కృత వ్యాకరణం ఇదే గీతను మరోవిధంగా గీసింది. ఒకటి నుంచి నాలుగు వరకు సంఖ్యావాచకాలు విశేష్యాన్ని బట్టి లింగం మార్చుకుంటాయి: పురుషులైతే చత్వారః, స్త్రీలైతే చతస్రః, ఫలాలైతే చత్వారి. ఐదు దగ్గరకు వచ్చేసరికి ఆ భేదం ఆగిపోతుంది. ఎవరికైనా, దేనికైనా ‘పంచ’ ఒక్కటే. రష్యన్‌లో రెండు, మూడు, నాలుగుల తరువాత వచ్చే నామవాచకం షష్ఠీ ఏకవచనంలో ఉంటుంది, ఐదు మొదలుకొని షష్ఠీ బహువచనానికి మారుతుంది. ప్రాచీన రోమన్ల సంవత్సరంలో మొదటి నాలుగు నెలలకే సొంత పేర్లు. ఐదవది క్వింటిలిస్, ఆరవది సెక్స్‌టిలిస్ అంటూ తక్కినవి వట్టి వరుస సంఖ్యలు. ఆ రెండే తరువాత జూలై, ఆగస్టు అయ్యాయి.

తెలుగులో కూడా ఈ గీత జాడ ఉంది. మనుషులను లెక్కించేటప్పుడు రెండు ‘ఇద్దరు’ అవుతుంది, మూడు ‘ముగ్గురు’ అవుతుంది, నాలుగు ‘నలుగురు’ అవుతుంది. మూడుసార్లూ మాట మొదలు రూపు మార్చుకున్నది. నేటి వాడుకలో ఐదు నుంచి ఆ శ్రమ లేదు: ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు. ఉన్న అంకెకు ప్రత్యయం తగిలిస్తే చాలు.

కంటికి ఆనే హద్దు

ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇన్ని భాషలు నాలుగు దగ్గరే ఎందుకు మలుపు తిరగాలి? కారణం భాషలో కంటె మనిషి మెదడులో వెతకడం మేలు.

1871లో ఇంగ్లండుకు చెందిన ఆర్థికశాస్త్రవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ ఒక పెట్టెలోకి చిక్కుడుగింజలు గుప్పిటితో విసిరి, చూసీచూడగానే ఎన్ని పడ్డాయో చెప్పడం, ఆ తరువాత లెక్కపెట్టి సరిచూసుకోవడం అనే ప్రయోగం తనమీద తానే చేసుకున్నాడు. వెయ్యికి పైగా సార్లు చేసి, ఫలితాన్ని ‘నేచర్’ పత్రికలో ప్రకటించాడు. మూడు, నాలుగు గింజలు పడినప్పుడు ఒక్కసారి కూడా తప్పు రాలేదు. ఐదు దగ్గర తప్పులు మొదలయ్యాయి. లెక్కపెట్టకుండానే సంఖ్యను గ్రహించే ఈ శక్తికి 1949లో మనస్తత్వ శాస్త్రజ్ఞులు ‘సబిటైజింగ్’ అని పేరు పెట్టారు. దానిని మనం ‘తక్షణ గణన’ అనుకోవచ్చు. తరువాత జరిగిన ఎన్నో పరిశోధనలు ఆ హద్దును మూడు నాలుగుల దగ్గరే నిర్ధారించాయి.

గీతలు గీసి లెక్క రాసేవారందరూ ఈ హద్దు తెలిసినట్లే ప్రవర్తించారు. నాలుగు నిలువుగీతలు గీశాక ఐదవదాన్ని అడ్డంగా కొట్టడం అందుకే. అశోకుని బ్రాహ్మీ శాసనాలలో నాలుగుకు నాలుగు గీతలు లేవు. కూడిక గుర్తు వంటి ఆకారం ఉంది.

నాలుగు అంటే చూపుకు లెక్కలేకుండా అందే ఆఖరి సంఖ్య అన్నమాట. ‘లెక్కపెట్టలేదు గాని చూశాను, ఉన్నాయి’ అని చెప్పడానికి దానికంటె తగిన అంకె లేదు. మన ‘నాలుగు మాటలు’, ‘నాలుగు చినుకులు’ పుట్టినది ఈ చోటనే అని నా ఊహ. అయితే మెదడు అందరిదీ ఒకటే గనుక అన్ని భాషలూ ఒకే అంకెను ఎన్నుకోవాలన్న నియమం లేదు. ఇంగ్లీషు, జర్మన్ భాషలు ఈ పనిని ‘జత’ అనే మాటతో సరిపెట్టుకున్నాయి. నాలుగును ఏరుకున్నది భారతదేశం. హిందీలో చార్ పైసే, తమిళంలో నాలు కాసు, కన్నడంలో నాల్కు కాసు, తెలుగులో నాలుగు డబ్బులు: కుటుంబాలు వేరైన భాషలు ఒక నుడికారాన్ని పంచుకుంటున్నాయి. 1956లో ఎమెనో భారతదేశాన్ని ఒక ‘భాషామండలం’గా ప్రతిపాదించినప్పుడు ఎత్తిచూపినవి వ్యాకరణ లక్షణాలు. ఆ పట్టికలో ఈ నాలుగును కూడా చేర్చుకోవచ్చు.

పాదం నుంచి పావలా దాకా

ఈ సంఖ్యకు దేహంతో ఉన్న పొత్తు మరొకటి. పశువుకు కాళ్ళు నాలుగు. నాలుగింటిలో ఒకటి పాదం. అందువల్ల సంస్కృతంలో ‘పాదం’ అంటే అడుగే కాక నాలుగవ వంతు కూడా అయింది. పద్యానికి నాలుగు పాదాలు అక్కడివే. ఆ పాదమే పావు అయింది, పావలా అయింది. నూటిలో నాలుగవ వంతు మనకు పాతిక అయింది. రూపాయికి పదహారణాలున్న కాలంలో పావలా అంటే నాలుగు అణాలు, తరువాత ఇరవైఐదు పైసలు. 2011 జూన్ 30తో ఆ నాణెం చెల్లుబాటు ముగిసింది. పావలా కోడికి ముప్పావలా మసాలా మాత్రం ఇంకా చెల్లుతూనే ఉంది.

చరకుడు వైద్యానికి కూడా నాలుగు పాదాలు చెప్పాడు: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఒక్కొక్కరికి నాలుగేసి గుణాలు, మొత్తం పదహారు. ఏ కాలు కుంటుపడినా చికిత్స నడవదు. ఇందులో రోగికి ఉండవలసిన గుణాలలో ఒకటి తన బాధను చెప్పగలగడం. దాని సంగతి ముందు చెబుతాను.

చావు చుట్టూ నాలుగు

చైనీస్‌లో నాలుగుకూ చావుకూ ఉన్న పదాలు ఒకే అక్షరపు పలుకులు, స్వరంలోనే భేదం. జపనీయులు అరువు తెచ్చుకున్న ‘షి’లో ఆ భేదం కూడా మిగలలేదు. అందుకని వారు తమ దేశ్యపదమైన ‘యోన్’ను చాలాచోట్ల వాడుకుంటారు. తూర్పు ఆసియాలో అనేక ఆసుపత్రులలో నాలుగో నంబరు గది ఉండదు.

ఈ భయం గుండెను ఆపగలదా అన్న ప్రశ్న వైద్యులను కూడా ఆకర్షించింది. అమెరికాలో 1973 నుంచి 1998 దాకా నమోదైన మరణాలను పరిశీలించిన డేవిడ్ ఫిలిప్స్ బృందం, చైనా, జపాన్ సంతతివారిలో గుండెజబ్బు మరణాలు నెలలో నాలుగో తేదీన పెరుగుతున్నాయని 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించింది. దీర్ఘకాలిక హృద్రోగులలో ఆ పెరుగుదల 13 శాతం. శ్వేతజాతీయులలో అది కనబడలేదు. మరుసటి ఏడాదే అదే పత్రికలో గారీ స్మిత్, వేరే కాలపు లెక్కలు ఈ నిర్ణయాన్ని బలపరచడం లేదని చూపించాడు. కనుక నాలుగో తేదీ మనుషులను చంపుతుందని నమ్మనక్కరలేదు.

తెలుగులో సైతం నాలుగుకు చావుతో సంబంధం ఉంది, కాని అది పూర్తిగా వేరు జాతి. పాడె మోయడానికి నలుగురు కావాలి. నలుగురిని సంపాదించుకోవడం అంటే ఆ నలుగురిని సంపాదించుకోవడమే. 2004లో వచ్చిన చలనచిత్రానికి ‘ఆ నలుగురు’ అని పేరు పెడితే ఎవరికీ వివరించవలసిన పని పడలేదు. అక్కడ చావు గుర్తుకొస్తుందని నాలుగును దూరం పెడతారు. ఇక్కడ ఆ రోజున కరువు కాకూడదని నలుగురిని దగ్గర పెట్టుకుంటారు.

నాలుగోనాటి జ్వరం

ఆయుర్వేదం విషమజ్వరాలలో తృతీయకం, చతుర్థకం అని రెండింటిని చెబుతుంది. గ్రీకు, రోమన్ వైద్యులు కూడా అవే పేర్లు పెట్టారు. ఇంగ్లీషు వైద్యగ్రంథాలలోని ‘క్వార్టన్’ జ్వరం చతుర్థకానికి సరిగ్గా సమానార్థకం. ఈ జ్వరం మూడు రోజులకొకసారి, అంటే 72 గంటలకొకసారి వస్తుంది. మరి నాలుగు ఎక్కడిది? పాతకాలపు లెక్కలో మొదటిరోజు కూడా కలుస్తుంది. ఈరోజు వచ్చి, రెండు రోజులు విడిచి, నాలుగోనాడు మళ్ళీ వస్తుంది. 1886 ప్రాంతంలో కామిల్లో గాల్జీ ఈ 72 గంటల వ్యవధి రక్తంలోని మలేరియా పరాన్నజీవి ఎదిగి పగిలే వ్యవధేనని చూపించాడు. పురాతనులు వేళ్ళమీద పెట్టిన లెక్క సూక్ష్మదర్శినిలో నిలిచింది.

ఒక సంఖ్యావాచకం ఇంత ఖచ్చితంగానూ ఉండగలదు, అంత వదులుగానూ ఉండగలదు. ఈ రెండింటి తేడా తెలియకపోతే ప్రమాదం. పిల్లల దగ్గరకు అమెరికా వచ్చిన ఒక పెద్దాయన “నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోందయ్యా” అంటాడు. దుబాసీ దాన్ని నాలుగు అంకెతోనే ఇంగ్లీషులో చెబుతాడు. నాలుగే అడుగులకు ఊపిరి అందకపోవడం వేరు, కొంతదూరం నడిస్తే అందకపోవడం వేరు. మొదటిదైతే రోగి తిన్నగా అత్యవసర విభాగానికి పోవాలి. “నాలుగు రోజులుగా దగ్గు” అన్నది నాలుగు రోజులూ కావచ్చు, నాలుగు వారాలూ కావచ్చు. ఇక్కడ చరకుడు చెప్పిన రోగి గుణానికి లోపం లేదు; ఆయన తన భాషలో సరిగ్గానే చెప్పాడు. “నిన్న ఇంటినుంచి ఎందాకా నడిచారు? ఈ దగ్గు పండగకు ముందా, తరువాతా?” అని అడిగితే అసలు సంఖ్య బయటపడుతుంది. తెలుగు రోగుల దగ్గర అంకెను అడగడం కంటె ఆనవాలు అడగడం మేలు.

నలుగురు ఎవరు?

‘నలుగురు ఏమనుకుంటారు?’ హిందీవారి ‘చార్ లోగ్’, తమిళుల ‘నాలు పేర్’ అడిగేదీ ఇదే. ఐదుగురైతే పంచులు, తీర్పు చెబుతారు. పదిమంది అయితే గుంపు. నలుగురు మాత్రం మనల్ని ఎరిగినవారు: ఎదురింటివారు, పిన్నిగారు, గుడిలో కనబడేవారు, పెళ్ళిలో ఆరా తీసేవారు. లెక్కపెట్టనక్కరలేకుండా ఒక్క చూపులో ఆనే మనుషులు.

ఆ నలుగురి పేరు చెప్పి మూర్ఛరోగాన్ని దాచిన కుటుంబాలను, దిగులు జబ్బుకు మందు మింగించని తల్లిదండ్రులను మన దేశంలోనూ ఇక్కడా కూడా వైద్యులు చూస్తూనే ఉన్నారు. అదే నలుగురు రాత్రివేళ ఆసుపత్రి వరండాలో కూర్చుంటారు, క్యారియరులో పథ్యం తెస్తారు. చరకుని నాలుగు పాదాలలో మూడవదైన పరిచారకుని పాత్ర మన ఊళ్ళలో వారిదే. ఇక్కడికి వచ్చిన మన పెద్దవారికి మొదటివిధమైన నలుగురి భయం విమానంలో వెంట వచ్చింది. రెండవవిధమైన నలుగురు రాలేదు. కొడుకు, కోడలు పనులకు వెళ్ళిన ఇంట్లో పగలంతా ఒంటరిగా ఉండే మనిషికి ఒంట్లో బాగులేకపోతే తలుపు తట్టేవారెవరు?

మందుచీటీ మీద రాయలేని ప్రశ్న అది. అయినా పెద్దవయసు తెలుగు రోగులను పొగ తాగుతారా, మందులు వేళకు వేసుకుంటున్నారా అని అడిగినప్పుడే, మీకిక్కడ నలుగురున్నారా అని కూడా అడగడం నాకు అలవాటు. అక్కడ మాత్రం సంఖ్య ఖచ్చితంగా చెప్పమంటాను. జవాబు చాలాసార్లు నాలుగు దాకా రాదు.