ఇంజిన్ తడబాటు: కార్బురేటర్ నుంచి ఎలక్ట్రానిక్ థ్రాటిల్ దాకా

యాక్సిలరేటర్ తొక్కగానే ముందుకు దూకాల్సిన కారు ఒక్క క్షణం నీరసించి, ఆ తర్వాత తేరుకుని పరుగెత్తడం పెట్రోలు ఇంజినుకు మొదటినుంచీ ఉన్న జబ్బు. తొలినాళ్లలో దీనికి మూలం గాలికీ పెట్రోలుకూ ఉన్న బరువు తేడా. థ్రాటిల్ బిళ్ల ఒక్కసారిగా తెరుచుకుంటే తేలికైన గాలి వెంటనే దూసుకుపోతుంది, పెట్రోలు వెనకబడుతుంది. ఆ కాస్తసేపు మిశ్రమం పలచబడి మంట సరిగా అంటుకోదు.

విల్‌హెల్మ్ మేబాక్ 1893లో పెట్రోలును తుంపరగా చిమ్మే కార్బురేటర్ చేశాక, తర్వాతి తయారీదారులు ఈ లోటును రకరకాలుగా పూడ్చారు. సోలెక్స్ రకంలో పెడల్‌తో పాటు కదిలే చిన్న పంపు అదనంగా ఒక చిమ్ము పెట్రోలు వేసేది. బ్రిటిష్ ఎస్‌యూ రకంలో పంపు లేదు. లోపలి పిస్టన్ మరీ వేగంగా లేవకుండా నూనె నింపిన డాంపర్ పట్టి ఉంచేది. కాబట్టి ఒకదానిలో పంపు డయాఫ్రం చిరిగిందేమో, రెండోదానిలో నూనె తగ్గిందేమో చూడాలి. ఇంజిన్ ఆపి, ఎయిర్ క్లీనర్ విప్పి, థ్రాటిల్ చేత్తో తిప్పితే సోలెక్స్‌లో చిమ్ము కంటికే కనబడుతుంది. కనబడకపోతే జబ్బు తేలినట్టే.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్ల కాలపు మెకానిక్‌కు ఇంత సులువుగా దొరకని తడబాట్లు కూడా తగిలేవి. డిస్ట్రిబ్యూటర్‌లోని కండెన్సర్ వేడెక్కితే మొరాయించి, చల్లారాక ఏమీ ఎరగనట్టు పనిచేసేది. కారు షెడ్డుకు చేరేసరికి చల్లారిపోయేది కనుక తప్పు కళ్లబడేది కాదు. వేసవి మధ్యాహ్నాల్లో పెట్రోలు పైపులోనే ఆవిరై పంపు ఆడకపోతే, డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ కప్పి కాసేపు ఆగేవారు. పాయింట్ల సందు ఫీలర్ గేజ్‌తో కొలవడం, ప్లగ్గు రంగు చూడడం, జెట్లు ఊదడం, చివరికి రోడ్డు మీదికి తీసుకెళ్లి చెవి ఒగ్గి వినడం: పరీక్ష అంటే ఇదే. మంచి మెకానిక్ పేరంతా చెవి మీదే నిలిచేది.

ఈ పద్ధతికి మొదటి దెబ్బ ఫ్యూయల్ ఇంజెక్షన్ కొట్టింది. ఫోక్స్‌వాగన్ 1600 కారులో 1967లో బాష్ డి-జెట్రానిక్ వచ్చింది. 1979లో బాష్ కంపెనీదే అయిన మోట్రానిక్ ఇంధనాన్నీ ఇగ్నిషన్‌నూ ఒకే కంప్యూటర్ కిందికి తెచ్చింది. మన దేశంలో 1998లో శాంత్రో వంటి కార్లతో, 2000 నాటి ఉద్గార నిబంధనలతో ఎంపీఎఫ్ఐ అనే ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంటింటి మాట అయింది. థ్రాటిల్‌ను లాగేది ఇంకా కేబులే. అయితే ఆ బిళ్ల ఎంత తెరుచుకుందో కంప్యూటర్‌కు చెప్పే థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ కొత్తగా చేరింది. అందులో ఒక చిన్న కాంటాక్ట్ కార్బన్ పట్టీ మీద రాసుకుంటూ తిరుగుతుంది. రోజూ నడిపే వేగం దగ్గరే ఎక్కువ రాసుకుంటుంది కనుక పట్టీ ముందుగా అక్కడే అరుగుతుంది. ఒక్కచోటే, ఒక్క క్షణమే సంకేతం తెగిపోయే కొత్త తడబాటు ఇలా పుట్టింది. దీన్ని చెవితో పట్టడం సాధ్యం కాదు.

ఆ తర్వాత కేబుల్ కూడా పోయింది. బీఎండబ్ల్యూ 750ఐఎల్ 1987లో పన్నెండు సిలిండర్ల ఇంజిన్‌తో, మోటారు తిప్పే థ్రాటిల్‌తో వచ్చింది. చక్రాలు జారినప్పుడు డ్రైవర్ ప్రమేయం లేకుండానే శక్తి తగ్గించాలంటే కాలికీ బిళ్లకూ మధ్య కంప్యూటర్ ఉండక తప్పదు. కాబట్టి ఇలాంటి కారులో ప్రతి తడబాటూ తప్పు కాదు. కొన్నిసార్లు కంప్యూటరే కావాలని బిళ్ల మూస్తుంది. ఈ సంగతి పట్టించుకోకుండా బాగున్న థ్రాటిల్ బాడీలు పీకేసిన షెడ్లు తక్కువేమీ కావు.

భద్రత కోసం పెడల్‌లో రెండు సెన్సర్లు, థ్రాటిల్ దగ్గర మరో రెండు పెట్టారు. పెడల్ దగ్గర చాలా కార్లలో ఒకదాని ఓల్టేజీ రెండోదానిలో సగం. థ్రాటిల్ దగ్గర తరచుగా ఒకటి పెరుగుతుంటే ఇంకొకటి తగ్గుతుంది, రెండూ కలిపితే దాదాపు అయిదు ఓల్టులు. లెక్క పొసగకపోతే కంప్యూటర్ శక్తిని కట్టడి చేసి, బండి మెల్లగా ఇల్లు చేరడానికి సరిపడా మాత్రమే వదులుతుంది. కారు తన తప్పులను తానే కనిపెట్టి కోడ్లుగా చెప్పే ఓబీడీ-2 పద్ధతి అమెరికాలో 1996 మోడల్ నుంచి తప్పనిసరైంది. అందులో థ్రాటిల్ దగ్గరి పొసగకపోవడానికి పీ2135, పెడల్ దగ్గరిదానికి పీ2138 కోడ్లు వాడుకలోకి వచ్చాయి. భారతదేశంలో ఓబీడీ తొలి దశ 2010లో, రెండో దశ 2013లో అమలయ్యాయి. ఈ కోడ్లు చదివే స్కానర్ లేని షెడ్డుకు పని తగ్గడం అప్పటినుంచే.

జంట సాక్షుల్లాంటి ఈ సెన్సర్ల ఏర్పాటుకు అసలు పరీక్ష అమెరికాలో వచ్చింది. టొయోటా కార్లు వాటంతటవే వేగం పుంజుకుంటున్నాయన్న ఆరోపణల మీద అక్కడి రహదారి భద్రతా సంస్థ, అంతరిక్ష సంస్థ నాసా సాయం కోరింది. 2011 ఫిబ్రవరిలో వెలువడిన నివేదిక ప్రకారం, కారు అదుపు తప్పేంత వేగానికి ఎలక్ట్రానిక్ కారణమేదీ దొరకలేదు. అయితే టొయోటా వారి పాత కామ్రీ కార్ల పెడల్ సెన్సర్లలో తగరం పూత మీద వెంట్రుకకన్నా సన్నని లోహపు పోగులు మొలిచి ఉన్నాయి. పాడైన ఒక పెడల్‌లో అలాంటి పోగు రెండు సంకేతాలనూ కలిపేసింది. సాక్షులిద్దరూ ఒకే మాట చెప్పడం మొదలుపెడితే పోల్చి చూసే లెక్కకు ఎంత విలువ ఉంటుందన్న ప్రశ్న ఆ పోగుతోనే లేచింది.

అప్పుడప్పుడు మాత్రమే వచ్చే తప్పుకు స్కానర్ ఒక్కటే చాలదని మెకానిక్‌లు త్వరగానే గ్రహించారు. పాత స్కానర్ తెర సెకనుకు కొన్నిసార్లే మారుతుంది, సంకేతం తెగేది అంతకంటే తక్కువసేపు. మల్టీమీటర్ సగటు చూపి సరిపెడుతుంది. అందుకే సంకేతాన్ని తెర మీద గీతగా చూపే, ఒకప్పుడు ప్రయోగశాలకే పరిమితమైన ఆసిలోస్కోప్ షెడ్డు బల్ల మీదికి వచ్చింది. ఇంజిన్ ఆపి, కీ ఆన్‌లో ఉంచి, పెడల్‌ను నెమ్మదిగా కిందిదాకా తొక్కితే గీత ఎక్కడ విరుగుతుందో దానిలో కనిపిస్తుంది. ఆ గీత చూస్తూనే వైరింగ్‌ను, కనెక్టర్లను చేత్తో కదిలిస్తారు. ఎర్త్ తీగ దగ్గర ఓల్టేజీ నష్టం కొలుస్తారు. ఇవన్నీ బాగుంటే మళ్లీ పాత నిందితులే మిగులుతారు: నీరసించిన ఇగ్నిషన్ కాయిల్, బలం తగ్గిన పెట్రోలు పంపు, పగిలిన గాలి గొట్టం.

తర్వాతి కార్లలో రాసుకునే పట్టీ స్థానంలో అయస్కాంతంతో పనిచేసే, తాకని సెన్సర్లు వచ్చాయి. అరుగుదల బెడద చాలావరకు తీరింది. ఇంజిన్ లోపలి నూనె ఆవిరి వల్ల థ్రాటిల్ బిళ్ల అంచున పేరుకునే మసి మాత్రం అలాగే ఉంది. కేబుల్ కాలంలో బిళ్లను వేలితో నెట్టి గుడ్డతో తుడిచేవారు. మోటారు బిళ్లను బలంగా నెడితే పళ్లచక్రాలు విరిగే ప్రమాదముంది. మసి ఉన్నప్పుడు కంప్యూటర్ నేర్చుకున్న కొలతలు శుభ్రం చేశాక పనికిరావు కనుక వాటిని మళ్లీ నేర్పించాలి. కొన్ని కార్లకు పెడల్ ముట్టుకోకుండా కాసేపు కీ ఆన్‌లో ఉంచితే చాలు, మిగతావాటికి స్కానర్ కావాలి.