ఈసీఐఎల్ బెలూన్లు

చలికాలంలో మా పత్రికల్లో ఓ చిన్న ప్రకటన పడుతుంటుంది: పొలంలో ఎర్ర పారాచూట్, దాని తాడుకు పెట్టె కనబడితే ముట్టుకోవద్దు, పోలీసులకు చెప్పండి అని. హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గరున్న టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం వాళ్ల ప్రకటన అది. కూతవేటు దూరంలో ఉంటాను గనక సినిమా పేజీ కన్నా ముందు దాన్నే చదువుతాను. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్లలో దిగింది మాత్రం అలాంటి పెట్టె కాదు, స్పెయిన్ కంపెనీ ఒకటి బెలూన్ పర్యాటకుల కోసం పరీక్షిస్తున్న గది. ఊరంతా కదిలొచ్చి సెల్ఫీలు దిగింది.

ఈ బెలూన్లకు హైదరాబాదే ఎందుకు? కాస్మిక్ కిరణాల పుణ్యం. పైకి పోయేకొద్దీ రేడియేషన్ పెరుగుతోందని 1912లో విక్టర్ హెస్ బెలూన్ ఎక్కి కనిపెట్టాడు. అంతరిక్షం నుంచి వచ్చే ఆ కణాలకు భూమి అయస్కాంత క్షేత్రం ఓ జల్లెడ. ధ్రువాల దగ్గర బలహీనమైనవీ దిగిపోతాయి. మన దగ్గర క్షేత్రరేఖలు అడ్డంగా పరుచుకుని ఉంటాయి గనక ప్రోటాన్‌కు సుమారు 16 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటే తప్ప ప్రవేశం లేదు. చిల్లర సరుకు రాదన్నమాట.

మొదట ఉస్మానియా ఆవరణ నుంచి ఎగరేసేవారు. 1969లో శాశ్వత కేంద్రం వెలిసింది. బెలూన్లు ఇక్కడే తయారవుతాయి. పల్చటి పాలిథిన్ పట్టీలను పొడవాటి బల్లల మీద పరిచి వేడితో అతికిస్తారు. ఒక్క అతుకు వదిలినా అంతా దండగే. హైడ్రోజన్ నింపి, నేల మీద గాలి కదలని వేళ చూసి వదులుతారు.

తొలినాళ్లలో పెట్టెలో ఫొటో ఎమల్షన్ పలకల కట్ట ఉండేది. కణం దూసుకుపోయిన దారి, కడిగాక నల్లచుక్కల గీతగా తేలేది. సూక్ష్మదర్శినికి కళ్లప్పగించి ఆ గీతలు కొలిచినవాళ్లే నా దృష్టిలో ఈ కథకు నాయకులు.

ఇంతకీ కణాలకు అంత ఊపు ఎక్కడిది? నక్షత్రాల మధ్య తిరిగే అయస్కాంత మేఘాలకు తగిలి తగిలి శక్తి కూడబెట్టుకుంటాయని 1949లో ఎన్రికో ఫెర్మీ అన్నాడు. ఊహ చక్కనిదే, సంపాదనే మరీ నిదానం. 1977-78లో మెరుగైన దారి దొరికింది. నక్షత్రం పేలితే షాక్ తరంగం పుడుతుంది. దానికి అటూ ఇటూ అల్లకల్లోలమైన ప్లాస్మా కణాన్ని మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పుతుంది. తరంగం దాటిన ప్రతిసారీ వేగం పెరుగుతుంది.

అలా ఊపందుకున్న కణాలూ, కాగిపోయిన ప్లాస్మా కూడా ఎక్స్‌రేలు చిమ్ముతాయి. వాటిని పట్టే జినాన్ డిటెక్టర్లు ఈ బెలూన్ల మీదే రాటుదేలాయి. 2015లో ఆస్ట్రోశాట్ ఉపగ్రహం ఎక్కినవి ఆ వంశానివే.