కళ్ళములో మేర, గుడిలో పిడికెడు

నాణెము లేకుండ సంసారము సాగిన కాలమొకటి మన సీమలో ఉండెను. 1953 వరకు బళ్ళారి జిల్లాలో చేరియుండిన ఆలూరు తాలూకా నల్లరేగడి పల్లెలలో జొన్నే రూక. కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి ఏడాది పొడుగునా పనిచేసి, కళ్ళము నూర్చిన దినమున రైతు కొలిచిన మేర తీసుకొనిరి. వీరే ఆయగాండ్రు. 1800లో సీమ కుంఫిణీకి దక్కి, మన్రో దొర శిస్తును రొక్కములో కట్టించినను పల్లెలోని కొలత మారలేదు.

మన సంఘములలో అనేకుల తాతలు కపిల బావులకు తోలు బానలు, రైతులకు చెప్పులు కుట్టినవారే. మేరను పల్లె ధర్మమని పొగడువారున్నారు. మేమట్లు పొగడలేము. జతకు ఇంత అని అడుగు హక్కు వారికెక్కడిది? చచ్చిన గొడ్డును మోయుటయు, వెట్టియు ఆ మేరలోనే లెక్క. పంట పోయిన ఏడు మేరయు పోయెను. 1876-78 ధాత కరవులో రైతు పాతరలో నాలుగు గింజలైనను ఉండవచ్చును. కళ్ళమునే నమ్మినవానికి పాతర ఎక్కడిది?

అట్టి వాడలనుండియే పిడికెడు గింజల కానుక గుడికి వచ్చెను. పొయ్యిమీద ఎసరు పెట్టి, ఒక పిడికెడు వేరు కుండలో వేయుట తల్లుల వాడుక. అది ఎవరును కొలిచి అడిగినది కాదు.

కరెంటు మోటార్లు వచ్చి కపిలలు పోయెను, మేరయు సన్నగిల్లెను. కోతపండుగ వేలము మాత్రము నిలిచెను. పాడుకొన్న కోడిపుంజును తిరిగి కానుకగా ఇచ్చి, రెండవమారు పాడించువారును కలరు.